జాన్ హ్యూలింగ్స్ జాక్సన్

జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ (ఏప్రిల్ 4, 1835 - అక్టోబర్ 7, 1911) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ న్యూరాలజిస్టు. మూర్ఛవ్యాధి, వాగ్నష్టం, పక్షవాతం మొదలైన మెదడు వ్యాధులపై ఈయన చేసిన పరిశీలనలు ఆధునిక న్యూరాలజీకి పునాదులు వేశాయి. శరీరంలో ఒకచోట మొదలై క్రమంగా ప్రక్కకు పాకే మూర్ఛకు జాక్సోనియన్ మూర్ఛ అని ఈయన పేరే స్థిరపడింది. నాలుక, అంగిలి, స్వరతంత్రి ఒకే ప్రక్కన చచ్చుబడే స్థితికి జాక్సన్ సిండ్రోమ్ అని పేరు. మొదటిది వైద్యవిద్యార్థులందరికీ తెలిసినదే. రెండవదానిని తలచేవారు తక్కువ. అయితే జాక్సన్ ఆలోచనాసరళిని అర్థం చేసుకోవడానికి నాలుకను గురించి ఆయన వ్రాసినదే సులభమైన మార్గం. కాబట్టి ఈ వ్యాసంలో ఆ విషయానికి కొంత ఎక్కువ చోటు ఇవ్వబడింది.

బాల్యం, విద్యాభ్యాసం

జాక్సన్ ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో గ్రీన్ హ్యామర్టన్ అనే గ్రామం వద్ద జన్మించాడు. తండ్రి శామ్యూల్ జాక్సన్ సొంత భూమి గల రైతు. బీరు తయారీ కూడా ఆయన వృత్తిలో భాగమే. తల్లి శారా హ్యూలింగ్స్ వేల్స్ మూలాలున్న కుటుంబంలో పుట్టింది. జాక్సన్ పసితనంలోనే ఆమె మరణించింది. తల్లి ఇంటిపేరునే ఈయన తన పేరులో నిలుపుకున్నాడు. లోకం కూడా ఈయనను ఆ జంటపేరుతోనే గుర్తుంచుకున్నది. సోదరులు తరువాతి కాలంలో న్యూజీలాండుకు వలస వెళ్ళారు.

పాఠశాల చదువు సాధారణంగానే సాగింది. ఆనాటి పద్ధతి ప్రకారం కౌమారదశలోనే యార్క్ పట్టణంలో ఒక వైద్యుని వద్ద శిష్యునిగా చేరి, అక్కడి చిన్న వైద్యపాఠశాలలో పాఠాలు విన్నాడు. అక్కడి ఉపన్యాసకులలో థామస్ లేకాక్ ఒకడు. వెన్నుపాములో కనిపించే ప్రతిక్రియలు మెదడులో కూడా ఉంటాయని వాదించినవాడు ఈ లేకాక్. శిష్యుని మనసులో ఆ భావం బలంగా నాటుకున్నది. తరువాత జాక్సన్ లండన్ చేరి సెయింట్ బార్థలోమ్యూస్ ఆసుపత్రిలో జేమ్స్ పేజెట్ వద్ద చదివి, 1856లో వైద్యవృత్తికి అర్హత సంపాదించాడు. మూడేళ్ళు యార్క్ ధర్మాసుపత్రిలో పనిచేసి 1859లో మళ్ళీ లండన్ వచ్చాడు.

లండన్ జీవితం

వైద్యం మానివేసి తత్త్వశాస్త్రానికి అంకితం కావాలని ఆ రోజులలో జాక్సన్‌కు గట్టి కోరిక ఉండేది. తన ప్రాంతం వాడే అయిన శస్త్రవైద్యుడు జొనాథన్ హచిన్సన్ ఆ ఆలోచనను మాన్పించాడు. కొంతకాలం తన ఇంటిలోనే ఉంచుకుని, వైద్యపత్రికకు ఆసుపత్రుల వార్తలు వ్రాసే పని ఇప్పించాడు. తత్త్వశాస్త్రం మాత్రం జాక్సన్‌ను విడువలేదు. హెర్బర్ట్ స్పెన్సర్ గ్రంథాలలోని పరిణామవాదాన్ని తీసుకుని, దానిని మెదడుకు అన్వయించడం ఆయన జీవితకాలపు కృషి అయింది.

1860లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం నుండి ఎం.డి. పట్టా పొందాడు. 1862లో క్వీన్ స్క్వేర్ లోని పక్షవాత, మూర్ఛరోగుల జాతీయ ఆసుపత్రిలో, 1863లో లండన్ హాస్పిటల్ లో సహాయవైద్యునిగా నియమితుడయ్యాడు. క్వీన్ స్క్వేర్ ఆసుపత్రి అప్పటికి తెరచి రెండేళ్ళు మాత్రమే అయింది. పక్షవాతం, మూర్ఛ అంటే ఇంటి మూలన పడి ఉండవలసిన రోగాలని భావించే కాలమది. ఇటువంటి రోగులు వందల సంఖ్యలో ఒకచోట చేరడం వల్లనే ఒకరితో ఒకరిని పోల్చి చూసే అవకాశం కలిగింది. కళ్ళ ఆసుపత్రిలో కూడా పనిచేస్తూ, 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టిన ఆఫ్తాల్మోస్కోపును నరాలవ్యాధుల పరీక్షలో తప్పనిసరి పనిముట్టుగా చేసినవారిలో జాక్సన్ ముఖ్యుడు.

నాలుకను కదిలించే నాడి

జాక్సన్ పరిశీలనలను తెలుసుకొనే ముందు నాలుకకు సంబంధించిన నాడిని గురించి కొంత చెప్పుకోవాలి. మెదడు నుండి బయలుదేరే కపాల నాడులు 12 జతలు. ఈ లెక్కను 1778లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సోమరింగ్ స్థిరపరచాడు. అంతకు ముందు 1664లో థామస్ విల్లిస్ వీటిని తొమ్మిది జతలుగా లెక్కించాడు. వీటిలో చివరిదైన పన్నెండవ జతకు అధోజిహ్వ నాడి అని పేరు. ఇది మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే మజ్జాముఖంలో పుట్టి, పుర్రె వెనుక ఎముకలోని సన్నని రంధ్రం గుండా బయటకు వచ్చి, మెడలో పెద్ద ధమని ప్రక్కగా వంపు తిరిగి నాలుక క్రిందికి చేరుతుంది. నాలుకలోని కండరాలన్నిటినీ, ఒక్కటి తప్ప, ఇదే నడుపుతుంది. రుచి, స్పర్శ తెలిపే నాడులు వేరు. అందువల్ల ఈ నాడి దెబ్బతిన్నవానికి ఉప్పూ కారమూ యథాప్రకారం తెలుస్తాయి, ముద్దను నోటిలో అటూ ఇటూ త్రిప్పడం మాత్రం కష్టమవుతుంది.

కుడి, ఎడమ నాడులలో ఒకటి పనిచేయకపోతే, నాలుక బయట పెట్టినప్పుడు చెడిన ప్రక్కకే ఒరుగుతుంది. ఇది మొదట వింతగా తోస్తుంది. నాలుకను ముందుకు నెట్టే కండరాలు గడ్డం ఎముక లోపలి వైపు నుండి రెండు ప్రక్కలా బయలుదేరుతాయి. రెండెడ్ల బండిలో ఒక ఎద్దు నిలిచిపోయి రెండవది లాగుతూ ఉంటే బండి నిలిచిన ఎద్దు వైపుకే తిరుగుతుంది కదా, ఇదీ అంతే. కొన్ని వారాలు గడిచేసరికి ఆ సగం నాలుక సన్నబడి, ముడుతలు పడి, సన్నని అలల వలె అదురుతూ కనిపిస్తుంది.

మాట కూడా మారుతుంది. తెలుగు వర్ణమాల తెలిసినవారికి దీనిని వివరించడం తేలిక. పెదవులతో పలికే పవర్గం చాలావరకు నిలుస్తుంది. నాలుక కొన పండ్లకు తగలవలసిన తవర్గం, పైకి మడత పడవలసిన టవర్గం, ర, ల, ళ అక్షరాలు ముద్దగా వస్తాయి. ఒక ప్రక్క మాత్రమే చెడితే రెండవ ప్రక్క చాలావరకు సర్దుకుంటుంది. రెండు ప్రక్కలా చెడితే మాటే కాక మ్రింగడం కూడా ప్రమాదకరమవుతుంది.

పుర్రె అడుగున పెరిగే కణితులు, మెడకు తగిలిన గాయాలు, మెడ ధమనికి చేసే శస్త్రచికిత్సలు, ఆ ధమని గోడ చీలిక, కాన్సరుకు ఇచ్చిన రేడియేషన్ ఈ నాడి చెడడానికి ముఖ్య కారణాలు. మజ్జాముఖంలో రక్తప్రసరణ ఆగడం, చలననాడీకణాలు క్రమంగా నశించే వ్యాధి కూడా నాలుకను ఇలాగే దెబ్బతీస్తాయి. ఈనాడు ఎం.ఆర్.ఐ. చిత్రాలతో ఈ దారి పొడవునా వెదకి చూడవచ్చు. జాక్సన్ కాలంలో ఎక్స్-రే కూడా లేదు. 1895 వరకు రోగి శరీరంలోకి చూడడానికి వైద్యునికి ఉన్నవి తన కళ్ళు, కంటి అద్దం, గొంతు అద్దం మాత్రమే.

జాక్సన్ సిండ్రోమ్

నాలుక ఒక ప్రక్కకు ఒరిగిన రోగులను జాక్సన్ అక్కడితో విడిచిపెట్టలేదు. నోరు తెరిపించి మృదుతాలువు ఏ వైపు జారిందో చూశాడు. గొంతు బొంగురుపోయినవారిలో స్వరతంత్రుల కదలికను పరిశీలింపజేశాడు. అప్పటికి గొంతు అద్దం వాడుకలోకి వచ్చి కొద్ది సంవత్సరాలే అయింది. ఈ మూడూ ఒకే ప్రక్కన చచ్చుబడిన రోగులను ఆయన 1860ల నుండి వర్ణించాడు. 1872లో మజ్జాముఖంలో రక్తస్రావం వల్ల నాలుకకు పక్షవాతం వచ్చిన ఒక రోగి వృత్తాంతాన్ని లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. 1886లో అదే పత్రికలో నాలుక, తాలువు, స్వరతంత్రి పక్షవాతాలపై మరల వ్రాశాడు.

దీని ప్రాముఖ్యం ఏమిటంటే, అంగిలిని, స్వరతంత్రిని కదిలించేవి పదవ నాడి, దానితో కలిసి నడిచే పదకొండవ నాడి పోగులు. మెడ, భుజాల కండరాలకు పోయేది పదకొండవ నాడే. ఇవి పన్నెండవ నాడికి ఇరుగుపొరుగు. మూడూ ఒకేసారి, ఒకే ప్రక్కన చెడినప్పుడు మూడు వేరు వేరు రోగాలను ఊహించనక్కరలేదు. మూడు నాడులూ దగ్గర దగ్గరగా ఉండే ఒక చిన్న చోటులో ఒకే దెబ్బ ఉన్నదని గ్రహించవచ్చు. రోగి బ్రతికి ఉండగానే, కత్తి పెట్టకుండానే, లోపలి గాయం స్థానాన్ని చెప్పగలగడం ఆ కాలానికి గొప్ప విషయం. కపాల నాడుల జంట పక్షవాతాలకు తరువాత వచ్చిన అనేక పేర్ల పట్టికలో జాక్సన్ పేరు మొదటి వరుసలో ఉంటుంది.

నాలుక కదలని మరి రెండు విధాలు

నాలుక ఒరిగిన వారందరిలో నాడే చెడినది కాదు. మెదడు అర్ధగోళంలో దెబ్బ తగిలి ఒక ప్రక్క కాలు చేయి పడిపోయినవారిలో కూడా నాలుక పడిపోయిన ప్రక్కకు ఒరుగుతుంది. అయితే ఈ నాలుక సన్నబడదు, అదరదు, కొద్ది దినాలలో చాలావరకు తేరుకుంటుంది. ఇక్కడ నాడి చక్కగానే ఉంది, దానికి పైనుండి వచ్చే ఆజ్ఞ మాత్రమే ఆగిపోయింది. కాబట్టి నాలుకను చూచిన వైద్యుడు మెదడు పైభాగాన్ని పరీక్షించాలా, పుర్రె అడుగును పరీక్షించాలా అన్నది ఆ నాలుక సన్నబడినదా లేదా అనే చిన్న విషయంపై ఆధారపడి ఉంటుంది.

మూడవ విధం మిగిలిన రెంటికంటె ఆశ్చర్యకరమైనది. పక్షవాతంతో మాట కోల్పోయిన కొందరు రోగులను నాలుక బయట పెట్టమని అడిగితే పెట్టలేరు. వారికి ప్రశ్న అర్థమవుతుంది, ప్రయత్నిస్తారు కూడా. ఒక్కొక్కప్పుడు వ్రేలితో నాలుకను బయటకు లాగడానికి చూస్తారు. కాని అదే మనిషి మరుక్షణం పెదవిపై అంటుకున్న మెతుకును నాలుకతో తీసుకుంటాడు, తిన్నది చక్కగా మ్రింగుతాడు. జాక్సన్ ఇటువంటి రోగులను 1860లలోనే గుర్తించి, 1878 తరువాతి వ్యాసాలలో విపులంగా చర్చించాడు. నాలుక కండరాలలో లోపం లేదు, నాడిలో లోపం లేదు, రోగిలో మొండితనం లేదు. తనంతట తాను జరిగే పని మిగిలి, సంకల్పించి చేసే పని పోయింది.

ఇంటిలోని వారు ఇటువంటి రోగిని చూసి కావాలని చేయడం లేదని కోపగించుకోవడం, పిచ్చి పట్టిందని అనుకోవడం ఈనాటికీ జరుగుతూనే ఉంది. తినేటప్పుడు కదిలిన నాలుక అడిగినప్పుడు ఎందుకు కదలదని వారి వాదన. తర్కానికి నిలిచే వాదనే గాని సత్యం కాదు. జాక్సన్ ఇచ్చిన సమాధానాన్ని వైద్యులే కాక రోగిని చూసుకొనే బంధువులు కూడా తెలుసుకోవడం అవసరం.

మాట పోయిన రోగులు కోపం వచ్చినప్పుడు తిట్లు, ఆవేశంలో కొన్ని మాటలు స్పష్టంగా పలకడాన్ని కూడా ఆయన ఇదే విధంగా వివరించాడు. ఆవేశంలో దొర్లే మాట వేరు, ఒక విషయం చెప్పడానికి కూర్చుకొనే మాట వేరు. మాటకు స్థానం మెదడు ఎడమ అర్ధగోళంలో ఉన్నదని ఫ్రాన్సులో పాల్ బ్రోకా 1860లలో ప్రకటించాడు. 1868లో నార్విచ్ నగరంలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో బ్రోకా, జాక్సన్ ఇద్దరూ వాగ్నష్టంపై ప్రసంగించారు. ఎడమ అర్ధగోళం ప్రాధాన్యాన్ని జాక్సన్ అంగీకరించాడు. అయితే మాటను పోగొట్టే గాయం ఎక్కడ ఉన్నదో చెప్పడం, మాట ఎక్కడ ఉన్నదో చెప్పడం ఒకటి కాదని హెచ్చరించాడు. ఆ హెచ్చరికకు విలువ కట్టడానికి తరువాతి తరాలకు చాలా కాలం పట్టింది.

మూర్ఛవ్యాధి

మూర్ఛలో కూడా నాలుక జాక్సన్‌కు ఒక ఆధారమైంది. ఒకే ప్రక్కన వచ్చే ఈడ్పులు ఎక్కువగా మూడు చోట్ల మొదలవుతాయని ఆయన గమనించాడు: చేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, ముఖం లేదా నాలుక ఒక ప్రక్క, కాలి బొటనవ్రేలు. అక్కడినుండి ఒక క్రమంలో, ఊరేగింపు వీధి వెంట సాగినట్లు, ఈడ్పు ప్రక్క భాగాలకు పాకుతుంది. ఎక్కువ సున్నితమైన, ఎక్కువ రకాల పనులు చేసే అవయవాలకే మెదడు ఉపరితలంలో ఎక్కువ చోటు ఉండి ఉంటుందనీ, ఈడ్పు పాకే క్రమం ఆ చోట్ల అమరికను చూపుతున్నదనీ ఆయన ఊహించాడు. 1870లో ఈ విషయంపై ప్రముఖ వ్యాసం ప్రకటించాడు.

మెదడు ఉపరితలానికి కదలికలతో సంబంధం లేదని ఆనాటి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది నమ్మకం. అదే 1870లో బెర్లిన్ లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనేవారు కుక్కల మెదడును విద్యుత్తుతో తాకి కాళ్ళను కదిలించారు. 1873లో డేవిడ్ ఫెర్రియర్ జాక్సన్ ఊహలను పరీక్షించాలనే సంకల్పంతో జంతువులపై ప్రయోగాలు ఆరంభించి వాటిని ధ్రువపరచాడు. జాక్సన్ ఏ ప్రయోగమూ చేయలేదు. మంచం ప్రక్కన నిలబడి చూసినది చాలింది.

ఫలితం రోగులకు కూడా అందింది. 1884 నవంబరులో లండన్ లో ఒక రోగికి ఈడ్పులు, పక్షవాతం ఏ అవయవాలలో ఉన్నాయో చూసి మెదడులో కణితి స్థానాన్ని నిర్ణయించి, రిక్‌మన్ గాడ్లీ అనే శస్త్రవైద్యుడు దానిని తొలగించాడు. ఆ సమయంలో జాక్సన్, ఫెర్రియర్ అక్కడ ఉన్నారు. కణితి ఊహించిన చోటనే కనిపించింది. రోగి మాత్రం తరువాత సోకిన వ్యాధితో నెల రోజులలోపే మరణించాడు. 1886లో విక్టర్ హార్స్‌లీ జాక్సన్ సలహాతో మూర్ఛరోగికి చేసిన శస్త్రచికిత్స సఫలమైంది.

కలలో ఉన్నట్లు తోచే మరొక రకం మూర్ఛను కూడా జాక్సన్ వర్ణించాడు. దీనిలో లేని వాసన తెలియడం, నాలుకతో, పెదవులతో రుచి చూస్తున్నట్లు చప్పరించడం కనిపిస్తాయి. ఇటువంటి రోగులలో ఒకరు స్వయంగా వైద్యుడు. ఆయన మరణానంతరం మెదడు ప్రక్కభాగం లోపలి వైపున చిన్న గాయం కనిపించిన సంగతి 1898లో ప్రకటితమైంది.

నాడీమండలంలో అంతస్తులు

పై విషయాలన్నిటినీ కలిపి జాక్సన్ ఒక సిద్ధాంతం నిర్మించాడు. 1884లో క్రూనియన్ ఉపన్యాసాలలో దానిని వివరించాడు. నాడీమండలం అంతస్తులుగా ఉంటుంది. క్రింది అంతస్తు నియమబద్ధమైన, మార్పులేని పనులు చేస్తుంది. పై అంతస్తులు పరిణామంలో తరువాత వచ్చినవి, సంక్లిష్టమైనవి, సంకల్పానికి లోబడినవి. రోగం వచ్చినప్పుడు పైది ముందు పోతుంది, క్రిందిది నిలుస్తుంది. పైదాని అదుపు తప్పడం వల్ల క్రిందిది విజృంభించవచ్చు కూడా. కాబట్టి ప్రతి రోగిలోనూ పోయినది ఏమిటి, విడుదలైనది ఏమిటి అని రెండు ప్రశ్నలు వేయాలి. సన్నబడిన నాలుక అట్టడుగు అంతస్తు గాయం, ఒరిగినా సన్నబడని నాలుక మధ్య అంతస్తు గాయం, అడిగినప్పుడు కదలక తినేటప్పుడు కదిలే నాలుక పై అంతస్తు గాయం అని విద్యార్థులు గుర్తుంచుకోవచ్చు. ఇది స్థూలమైన పోలికే, జాక్సన్ రచనలో ఇంతకంటె సూక్ష్మత ఉన్నది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1891లో వాగ్నష్టంపై వ్రాసిన గ్రంథంలో ఈ భావాల ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

వ్యక్తిగత జీవితం

1865లో జాక్సన్ తన బంధువైన ఎలిజబెత్ డేడ్ జాక్సన్‌ను వివాహం చేసుకున్నాడు. వారికి సంతానం లేదు. 1876లో ఆమె మెదడు రక్తనాళంలో రక్తం గడ్డకట్టి మరణించింది. చివరి అనారోగ్యంలో ఆమెకు వచ్చిన ఈడ్పులు, భర్త తన రోగులలో సంవత్సరాల తరబడి వర్ణించిన రకానికి చెందినవే. గాయం ఎక్కడ ఉన్నదో ఆయనకు తెలుసు. చేయగలిగినది మాత్రం ఏమీ లేదు. ఆ తరువాత ఆయన మరల వివాహం చేసుకోక, 35 సంవత్సరాలు ఒంటరిగానే గడిపాడు.

ఈయన బిడియస్థుడు. విందులలో, నాటకశాలలలో చివరిదాకా కూర్చునే ఓపిక లేదు. నవలలంటే ఇష్టం. పుస్తకం కొని, అట్టలు చించి, రెండు ముక్కలు చేసి చెరొక జేబులో పెట్టుకుని చదివేవాడని చెబుతారు. పుస్తకాలను ప్రేమించేవారికి ఇది వినసొంపైన సంగతి కాదు! వార్ధక్యంలో చెవుడు, తలతిరుగుడు బాధించాయి.

గౌరవాలు, రచనలు

1878లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అదే సంవత్సరం ఫెర్రియర్, క్రైటన్-బ్రౌన్, బక్‌నిల్ లతో కలిసి బ్రెయిన్ అనే పత్రికను స్థాపించాడు. ఈ పత్రిక నేటికీ వెలువడుతున్నది. లండన్ న్యూరలాజికల్ సొసైటీకి తొలి అధ్యక్షుడు ఈయనే. క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో 1906 వరకు సేవలందించాడు.

దాదాపు మూడు వందల వ్యాసాలు వ్రాసినా జాక్సన్ ఒక్క గ్రంథమైనా వ్రాయలేదు. ఆయన శైలి కఠినం. పొరపాటు అర్థం రాకూడదన్న భయంతో వాక్యానికి వాక్యం షరతులు పెంచి, పుట అడుగున పుటను మించిన వివరణలు చేర్చేవాడు. అవి కూడా ఎవరికీ సులభంగా దొరకని పత్రికలలో చెల్లాచెదరుగా ఉండిపోవడం వల్ల ఆయన జీవించి ఉండగా ఖ్యాతి నిపుణులకే పరిమితమైంది.

1911 అక్టోబర్ 7న లండన్ లోని మాంచెస్టర్ స్క్వేర్ లో తన ఇంటిలో న్యుమోనియాతో మరణించాడు. హైగేట్ శ్మశానవాటికలో సమాధి చేశారు. శిష్యుడు జేమ్స్ టేలర్ సంపాదకత్వంలో ఎంపిక చేసిన వ్యాసాలు రెండు సంపుటాలుగా 1931-32లో వెలువడ్డాయి. నాలుకకు సంబంధించిన పరిశీలనలలో ముఖ్యమైనవి వాగ్నష్టం వ్యాసాలున్న రెండవ సంపుటంలో చదవవచ్చు.